12 నిమిషాల కాగితం: కరెంటు షాక్‌తో గుండె ఆగిన ఒక ఎలక్ట్రీషియన్ కేసు

నేను ఐసీయూ డాక్టర్ని. ఈ కేసులో గుండె, కిడ్నీ, భుజం, మెదడు అన్నిటికీ పని పడింది. వాటిలో మమ్మల్ని నిజంగా ఇబ్బంది పెట్టింది భుజం ఒక్కటే, అదీ మా పొరపాటు వల్ల. అసలు చిక్కు రోగి ఇంటికి వెళ్ళాక మొదలైంది. ఎవరిని కలిసినా ‘నీది పునర్జన్మ’ అంటున్నారు, ఆయనకు మాత్రం ఏమీ అనిపించడం లేదు. ఈ కేసు రాయాలనిపించింది అందుకే. రోగి, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు, ఇద్దరూ ఒప్పుకున్నారు. గుర్తుపట్టగలిగే వివరాలు తీసేశాను.

జరిగింది

వయసు 41. హౌస్ వైరింగ్‌లో 19 ఏళ్ళ అనుభవం. బీపీ, షుగర్ లేవు, గుండెకు సంబంధించి ఎప్పుడూ ఏ తేడా లేదు. ఆ రోజు ఒక ఇంట్లో జంక్షన్ బాక్స్ విప్పి పాత జాయింట్లు మారుస్తున్నారు. మెయిన్ ఆఫ్ చేశారు. గదిలో లైటు ఆరింది, ఫ్యాన్ ఆగింది. అయితే అదే బాక్స్‌లోంచి పక్క గదికి ఇన్వర్టర్ లైను కూడా వెళ్తోంది. మెయిన్ పోగానే ఇన్వర్టర్ దాని పని అది చేసింది. టెస్టర్ జేబులోనే ఉంది. “మెయిన్ ఆపేశాం కదా” అనే మాట ఎంతమంది ఎలక్ట్రీషియన్లని మింగిందో లెక్కలేదని తర్వాత ఆయనే నాతో అన్నారు.

ఎడమ చేతిలో న్యూట్రల్, కుడి చేతిలో ఇన్వర్టర్ ఫేజ్, అరచేతుల నిండా చెమట.

పొడి చర్మం కరెంటుని బాగానే అడ్డుకుంటుంది, పదివేల ఓములు దాటి కూడా ఉండొచ్చు. తడిస్తే అది వెయ్యి ఓముల దాకా పడిపోతుంది. 230 వోల్టులని 1000 ఓములతో భాగిస్తే 230 మిల్లీ ఆంపియర్లు. సుమారు 10 మిల్లీ ఆంపియర్లు దాటితేనే పట్టుకున్న తీగని వదలడం చాలామంది వల్ల కాదు. ముంజేతిలో వేళ్ళు ముడిచే కండరాలు, తెరిచే కండరాల కంటే బలమైనవి. రెండూ ఒకేసారి బిగుసుకుంటే పిడికిలి మూసుకుంటుంది. 100 మిల్లీ ఆంపియర్లు ఒకటి రెండు సెకన్లు ఛాతీ గుండా పోతే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఈయనకి ఒక చేతి నుంచి ఇంకో చేతికి, అంటే సరిగ్గా గుండె మీదుగా, అంతకు రెట్టింపు పోయింది.

ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) ఎందుకు పడలేదని బంధువులు మమ్మల్ని చాలాసార్లు అడిగారు. సాధారణంగా పెట్టే 16 ఆంపియర్ల ఎంసీబీకి 230 మిల్లీ ఆంపియర్లు ఒక చిన్న బల్బు వెలిగినట్టే. అది ఉన్నది తీగలు కాలిపోకుండా చూడటానికి, మనుషుల కోసం కాదు. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్) మనుషుల కోసమే, కానీ దానికీ ఒక హద్దుంది. వెళ్ళిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అన్నదే అది చూస్తుంది. కొంత శరీరం మీదుగా భూమిలోకి పోతే తేడా పట్టుకుని ఆపుతుంది. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య మనిషి ఇరుక్కుంటే, ఎంత వెళ్ళిందో అంతా తిరిగొస్తుంది. దాని లెక్కలో ఆ మనిషీ ఒక బల్బే.

తర్వాతి 12 నిమిషాల్లో ఏం జరిగిందో ఇక్కడ రాయడం లేదు. అప్పటికి మాకూ తెలియదు. అంబులెన్స్ వాళ్ళ షీటులో ఉన్నది ఇంతే: షాక్ కొట్టింది, కుప్పకూలారు, పక్కనున్నవాళ్ళు సీపీఆర్ చేశారు, మానిటర్ మీద వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి ఊరికే వణకడం), రెండు డీఫిబ్రిలేటర్ షాకులు (ఆ లయని సరిచేయడానికి యంత్రంతో ఇచ్చేవి), పల్స్ వచ్చింది.

ఐసీయూలో

వచ్చేసరికి స్పృహ లేదు. వెంటిలేటర్ మీద పెట్టాం. స్టూలు మీద నుంచి పడ్డారు కాబట్టి మెడకి కాలర్ వేసి, తలకీ మెడకీ సీటీ తీశాం, రెండూ నార్మల్. రెండు చేతుల మీదా చిన్న చిన్న కాలిన మచ్చలు, పెద్దది కూడా చిటికెన వేలి గోరంత ఉంటుంది. మా జూనియర్ డాక్టర్ వాటిని నోట్స్‌లో ‘ఎంట్రీ’, ‘ఎగ్జిట్’ అని రాస్తే కొట్టేసి ‘కాంటాక్ట్’ అని రాయించాను. ఇంటి కరెంటు సెకనుకి వందసార్లు దిశ మార్చుకుంటుంది. ఏ చేతిలోంచి వచ్చి ఏ చేతిలోంచి పోయినట్టు?

వెయ్యి వోల్టుల లోపు షాకుల్లో చర్మం మీద కనిపించేది తక్కువే. ఆ మచ్చలు చూసి ఊరట పడకూడదని కొత్తవాళ్ళకి ఎప్పుడూ చెబుతుంటాను. ఈసీజీలో చిన్న తేడాలున్నాయి, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో కనిపించే ట్రోపోనిన్ పెరిగింది, ఎకోలో గుండె పంపింగ్ 45 శాతం. కరెంటు, ఆగిపోయిన గుండె, ఛాతీ మీద ఒత్తిడి, డీఫిబ్రిలేటర్ షాకులు, ఇన్ని తిన్న గుండె కొన్నాళ్ళు మొద్దుబారడం మామూలే. అయిదో రోజుకి 60కి వచ్చింది. మూత్రం ముదురు గోధుమ రంగులో ఉంది. స్ట్రిప్ పరీక్షలో రక్తం ఉందని చూపిస్తోంది, మైక్రోస్కోప్ కింద ఎర్ర కణాలు లేవు. అంటే అది రక్తం కాదు, దెబ్బతిన్న కండరాల నుంచి వచ్చిన మయోగ్లోబిన్ అనే ప్రొటీన్. కండరాల దెబ్బని చూపించే రక్తపరీక్ష, సీకే, 6,200. మయోగ్లోబిన్ కిడ్నీల్లో పేరుకుపోకుండా గంటకి 100 మి.లీ. దాకా మూత్రం వచ్చేలా సెలైన్లు పెట్టాం. రంగు తేరడానికి ఒకటిన్నర రోజు పట్టింది. పొటాషియం హద్దులోనే ఉంది. జ్వరం 37.5 డిగ్రీలు దాటనివ్వలేదు.

రెండో రోజు సాయంత్రం కళ్ళు తెరిచారు, చెప్పినట్టు చెయ్యి నొక్కారు. మర్నాడు వెంటిలేటర్ తీసేశాం. గుండె ఒకసారి ఆగింది కాబట్టి ఛాతీలో శాశ్వతంగా డీఫిబ్రిలేటర్ పరికరం పెట్టాలా అని కార్డియాలజిస్టుతో చర్చించాం. యాంజియోగ్రామ్ శుభ్రంగా ఉంది, గుండె ఆగిన కారణం బయటిది. అవసరం లేదని తేల్చాం.

ఇక భుజం. ‘కుడి భుజం నొప్పి’ అని గొట్టం తీసినప్పటి నుంచీ అంటూనే ఉన్నారు. పడ్డారు కదా, సీపీఆర్ కూడా చేశారు కదా అని నొప్పి మందు రాశాం. ముందు నుంచి తీసిన ఎక్స్‌రే చూసి డిస్‌లొకేషన్ (కీలు జారడం) లేదనుకున్నాం. అయిదో రోజు ఫిజియోథెరపిస్ట్ వచ్చి, “సార్, ఈ చెయ్యి బయటికి అస్సలు తిరగట్లేదు, బిగుసుకుని ఉంది” అన్నారు. నాకు వెంటనే విషయం అర్థమైంది. చంకలోంచి ఎక్స్‌రే తీయిస్తే భుజం వెనక్కి జారి ఉంది. భుజం ముందుకి జారడం రోజూ చూస్తాం. వెనక్కి జారడం అరుదు. జారిందంటే కారణం చాలాసార్లు మూర్ఛో, కరెంటు షాకో అయి ఉంటుంది. కండరాలన్నీ ఒక్కసారిగా బిగుసుకుని ఎముకని వెనక్కి లాగేస్తాయి. ముందు నుంచి తీసిన ఎక్స్‌రేలో అది సరిగ్గా దొరకదని పాఠ్యపుస్తకంలోనే ఉంటుంది. తెలిసీ మిస్సయ్యాం. మత్తిచ్చి సరిచేశారు, ఆరు వారాలు కదలకుండా కట్టు. పొరపాటు మాదేనని ఆయనకీ, ఆయన భార్యకీ చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. ఆ నిశ్శబ్దం పెద్దమనసు అనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది.

ఖాళీ పుస్తకం

పదో రోజు డిశ్చార్జి. సంతకం పెడుతూ నేనూ అందరిలాగే, “మీరు చాలా అదృష్టవంతులు” అన్నాను. ఆయన గోడ వైపు చూశారు.

మూడు వారాలకి మళ్ళీ వచ్చారు. నిద్ర లేదు. స్విచ్ వెయ్యరు, భార్యో పిల్లలో వెయ్యాలి. మిక్సీ చప్పుడుకి ఉలిక్కిపడతారు. మాటల మధ్యలో పదాలు మర్చిపోతున్నారు, లెక్కలు తప్పుతున్నారు. జ్ఞాపకశక్తి పరీక్షలో 30కి 22. షాక్ తర్వాత ఏకాగ్రత తగ్గడం, కోపం, దిగులు, నిద్ర పట్టకపోవడం కొత్తేమీ కాదు. పైగా ఈయన మెదడుకి కాసేపు రక్తం ఆగింది కూడా. సైకాలజిస్టు దగ్గరికి పంపాం.

ఆ సైకాలజిస్టు మంచి అనుభవం ఉన్నావిడ. కొద్దికొద్దిగా భయాన్ని ఎదుర్కొనే పద్ధతి మొదలుపెట్టారు. మొదట ఆఫ్‌లో ఉన్న స్విచ్ బోర్డు ముందు కూర్చోవడం, తర్వాత దాన్ని తాకడం, తర్వాత వెయ్యడం. ఇది పనిచేసింది. దానితోపాటు ఇచ్చిన రెండో పని మాత్రం బెడిసికొట్టింది: రోజూ రాత్రి కృతజ్ఞతగా అనిపించిన మూడు విషయాలు పుస్తకంలో రాయాలి. ఈ అభ్యాసం కొందరికి మేలు చేస్తుంది, చూశాను. ఈయన రెండు వారాలకి పుస్తకం తెచ్చారు. మొదటి పేజీలో ‘బతికాను. బతికాను. బతికాను.’ మిగతా అన్నీ తెల్ల పేజీలు.

ఆ రోజు ఓపీలో రద్దీ లేదు, కాసేపు కూర్చోబెట్టాను. అప్పుడన్నారు: “అందరూ బతికావు, బతికావు అంటుంటే ఏదో బాకీ పడ్డట్టుంది డాక్టర్ గారూ. ఎవరికి కట్టాలో తెలీదు. నాకు గుర్తున్నది స్క్రూ విప్పడం, ఆ తర్వాత మీ సీలింగ్. మధ్యలో నేను లేను కదా.”

ఇన్నేళ్ళలో ఇంత సూటిగా చెప్పిన రోగి ఇంకొకరు లేరు. మేం ఆయన్ని కృతజ్ఞతగా ఉండమంటున్నాం. దేనికి ఉండాలో ఆ నిమిషాలు ఆయన దగ్గర లేవు. చచ్చిపోతున్నానన్న భయం గుర్తులేదు, ఎవరో పట్టుకున్న స్పర్శ గుర్తులేదు. ఉన్నదల్లా ఒక చెయ్యి పనిచేయని ఒళ్ళు, 19 ఏళ్ళ పనివాడు టెస్టర్ పెట్టకుండా ముట్టుకున్నాడన్న సిగ్గు. ఇంకోటి కూడా బయటపడింది. పక్కనే ఉన్న కుర్రాడు ఒక్కసారి కూడా చూడటానికి రాలేదు. “వాడు పారిపోయాడు” అన్నారు.

కాగితం

కుర్రాడు పారిపోలేదు. మొదటి రెండు రోజులూ ఐసీయూ బయట బెంచీ మీద కూర్చున్నాడని మా నర్సుకి గుర్తుంది. పని మానేసి ఇంట్లోనే ఉంటున్నాడు. రమ్మని కబురుపెడితే ఒకటికి రెండుసార్లు వాయిదా వేసి వచ్చాడు. ఈలోగా నేను అంబులెన్స్ వాళ్ళ దగ్గర డీఫిబ్రిలేటర్ రికార్డు తెప్పించాను. అందులో ప్రతి షాకూ సమయంతో సహా ఉంటుంది. ఇంటావిడ ఫోన్లో కాల్ లాగ్ ఉంది. కుర్రాడిని విడిగా కూర్చోబెట్టి అడిగాను. వాటన్నిటినీ కలిపి ఒక తెల్లకాగితం మీద నా చేత్తో రాశాను. అందులో ఉన్నది ఇది:

10:41, మొదలు. చేతులు అంటుకున్నాయి. కుర్రాడు పట్టుకుని లాగబోయి ఆగాడు. పక్క గదిలోకి పరుగెత్తి ఇన్వర్టర్ ఆపాడు. ఆరేడు సెకన్లు పట్టి ఉండొచ్చు.
10:42, ఇంటావిడ అంబులెన్స్‌కి ఫోన్. రోగి గురక పెట్టినట్టు ఎగశ్వాస తీస్తున్నారు. ఊపిరి ఉందనుకుని కుర్రాడు నీళ్ళు చల్లాడు.
10:43, ఫోన్లో అవతలివాళ్ళు అది ఊపిరి కాదని చెప్పారు. ఛాతీ నొక్కడం మొదలు. వాళ్ళు లెక్కపెడుతుంటే వీడు నొక్కాడు.
10:50, అంబులెన్స్. అప్పటిదాకా నొక్కింది ఒక్కడే.
10:51, మొదటి షాక్. లయ మారలేదు.
10:53, రెండో షాక్. పల్స్.

ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి కాగితం చదివాను. కుర్రాడు తల ఎత్తలేదు. వాడి భయాలు రెండు. వెంటనే లాగకుండా ఆగిపోయాను, అందుకే గుండె ఆగింది అన్నది ఒకటి. ఊపిరి ఉందనుకుని ఒక నిమిషం వృథా చేశాను అన్నది రెండోది.

మొదటిది తేలిక. పట్టుకుని ఉంటే వాడూ అంటుకునేవాడు, ఇన్వర్టర్ ఆపేవాళ్ళు ఉండేవాళ్ళు కాదు. రెండోదానికి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. గుండె ఆగిన మనిషి మొదటి నిమిషాల్లో అలా ఎగపోయడం మామూలు, దాన్ని ఊపిరి అనుకుని శిక్షణ ఉన్నవాళ్ళు కూడా మోసపోతారు. అయినా నష్టం నష్టమే. సీపీఆర్ లేకుండా గడిచే ఒక్కో నిమిషానికి, బతికే అవకాశం 7 నుంచి 10 శాతం దాకా తగ్గుతూ పోతుంది. ఆ మాట అలాగే చెప్పాను. ఆ తర్వాత ఏడు నిమిషాలు ఆపకుండా నొక్కావు, నేనైనా రెండు నిమిషాలకి చెయ్యి మార్చమంటాను, అని కూడా చెప్పాను.

గది నిశ్శబ్దంగా ఉంది. ఆయన కాగితం తీసుకుని మొదటి లైను మీద వేలు పెట్టారు.

“లాగబోయి ఎందుకాగావురా?”

“నువ్వే చెప్పావు కదన్నా. పనిలో చేరిన మొదటిరోజు. అంటుకున్న మనిషిని ముట్టుకోవద్దు, ముందు కరెంటు ఆపమని.”

ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “ఊపిరి సంగతి నేన్నీకు ఎప్పుడూ చెప్పలేదు. నాకే తెలీదు” అన్నారు. ఇంకాసేపటికి ఛాతీ తడుముకుంటూ నా వైపు తిరిగారు. “అయితే మూడు పక్కటెముకలు విరగ్గొట్టింది వీడేనా?” సరిగ్గా లోతుగా నొక్కితే, అంటే అయిదారు సెంటీమీటర్లు, ఎముకలు విరగడం తరచూ జరిగేదేనని చెప్పబోతున్నాను. అప్పటికే ఆయన నవ్వుతున్నారు. కుర్రాడు ఏడుస్తున్నాడు. నేను కాసేపు బయటికి వెళ్ళాను.

తిరిగొచ్చాక ఊరికే ఉండలేక ఒక సంగతి చెప్పాను. ఛాతీ నొక్కే ఈ పద్ధతిని కనిపెట్టినవాళ్ళలో ముఖ్యుడు డాక్టరు కాదు, కరెంటు మనిషి. విలియం కూవెన్‌హోవెన్, జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజినీర్. కరెంటు లైన్ల మీద పనిచేసేవాళ్ళు షాక్ కొట్టి చనిపోతుంటే, ఆగిన గుండెని కరెంటుతోనే మళ్ళీ దారిలో పెట్టలేమా అని ఆయన దశాబ్దాలు పరిశోధన చేశారు. ఆ ప్రయోగాల్లో, ఛాతీ మీద పెట్టిన బరువైన డీఫిబ్రిలేటర్ పలకలని గట్టిగా అదిమినప్పుడల్లా రక్తపోటు కాస్త లేవడం ఆయన శిష్యుడు గై నికర్‌బాకర్ గమనించారు. వాళ్ళిద్దరూ, సర్జన్ జేమ్స్ జూడ్‌తో కలిసి 1960లో ఆ పద్ధతిని ప్రచురించారు. రోగి శ్రద్ధగా విని, “అంటే మా పనివాళ్ళ కోసం కనిపెట్టిందే మాకు నేర్పలేదన్నమాట” అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

తర్వాత

ఆ రోజుతో అన్నీ సర్దుకున్నాయని చెప్పను. పీడకలలు ఇంకో మూడు నెలలు ఉన్నాయి. విచిత్రంగా, అసలు గుర్తే లేని ఘటన గురించి ఇప్పుడు కలలు వచ్చాయి, కాగితంలో ఉన్న వివరాలతో. ఆ నిమిషాలు చెప్పి తప్పు చేశానా అని నాకు టెన్షన్ పట్టుకుంది. సైకాలజిస్టు మాత్రం ఆగమన్నారు, మనిషి దాన్ని తనలో కలుపుకుంటున్నాడు అన్నారు. ఆవిడ మాటే నిజమైంది. ఇంకొకరి విషయంలో ఇలా జరగకపోవచ్చు. అందుకే ఇప్పుడు ఎవరికైనా ఆ నిమిషాల గురించి చెప్పే ముందు, తెలుసుకోవాలని ఉందా అని అడుగుతాను, ఒకసారి కాదు, రెండుసార్లు. పక్కనుండి కాపాడినవాళ్ళ ఫోన్ నంబరు కూడా కేస్ షీటులో రాయిస్తున్నాను. రోగికి మేమందరం ఉంటాం, వాళ్ళకి ఎవరూ ఉండరు. ‘అదృష్టవంతులు’ అనే మాట మాత్రం డిశ్చార్జి రోజున నా నోటినుంచి రావడం లేదు.

నాలుగో నెలలో కుర్రాడు పనిలోకి వచ్చాడు, ఆరో నెలలో ఆయన. ఇద్దరూ కలిసి సీపీఆర్ శిక్షణ తీసుకున్నారు. టెస్టర్ విషయంలో ఇప్పుడు ఆయన పద్ధతి ఇది: ముందు కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి టెస్టర్ పనిచేస్తోందో లేదో చూడాలి, తర్వాత పనిచేయబోయే తీగ మీద, ఆ తర్వాత మళ్ళీ మొదటి చోట. ఇన్వర్టర్, జనరేటర్, సోలార్ ఏవి ఉన్నా వాటిని విడిగా ఆపి, స్విచ్ దగ్గర తాళమో కాగితమో పెడతారు. కుర్రాడు గట్టిగా ‘చూశానన్నా’ అంటే తప్ప తీగ ముట్టుకోరు.

ఏడాది విజిట్‌కి వచ్చినప్పుడు ఈసీజీ, ఎకో, కిడ్నీ పరీక్షలు నార్మల్. జ్ఞాపకశక్తి పరీక్షలో 27. కుడి భుజం బయటికి 50 డిగ్రీల దాకా తిరుగుతోంది, ఇంకా పెరుగుతుందన్న ఆశ నాకు లేదు, అదీ చెప్పాను. కరెంటు తల మీదుగా పోలేదు కాబట్టి శుక్లాల భయం తక్కువే, అయినా ఒకసారి కళ్ళు చూపించుకోమన్నాను. పుస్తకం గురించి అడిగితే, పిల్ల లెక్కలు చేసుకోడానికి తీసుకుందన్నారు.

కాగితం మాత్రం టూల్ బ్యాగులో ఉంది, మడతల దగ్గర చిరగకుండా టేపు వేసి. తీసి చూపించారు. నేను రాసిన 10:41కి పైన ఆయన చేతిరాతలో ఒక లైను చేరింది: ‘10:40, టెస్టర్ జేబులోనే ఉంది.’ దాని పక్కన ఇరికించి, ఇంకో చేతిరాతలో: ‘నేనూ అడగలేదు.’